ఆల్‌టైమ్ ఫస్ట్ బేస్‌మన్ ర్యాంకులు: పూహోల్స్‌కు మూడో స్థానమా?

సెయింట్‌లూయిస్_శ్రీను

నిన్న ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర బేస్‌బాల్ ఆల్‌టైమ్ ఫస్ట్ బేస్‌మన్ లిస్టు మీద పెద్ద గొడవ అయింది. అందరూ కలిసి తేల్చింది ఇది: లూ గెరిగ్ ఒకటి, జిమ్మీ ఫాక్స్ రెండు, ఆల్బర్ట్ పూహోల్స్ మూడు. నాకు ఒళ్లు మండిపోయింది.

703 హోమ్ రన్లు (బౌండరీ దాటించిన దెబ్బలు). 3,384 హిట్లు. 2,218 ఆర్‌బీఐలు (తన బ్యాట్‌తో జట్టుకు తెచ్చిన రన్లు). మూడు ఎంవీపీలు (ఏడాది మేటి ఆటగాడి అవార్డు), రెండు వరల్డ్ సిరీస్‌లు. మేజర్ లీగ్ చరిత్రలో 700 హోమ్ రన్లు కొట్టినవాళ్లు బాండ్స్, ఆరన్, రూత్, పూహోల్స్ మాత్రమే. వాళ్లలో ఫస్ట్ బేస్‌మన్ ఈయనొక్కడే. 1999 డ్రాఫ్టులో 401 మంది పేర్లు పిలిచాక 13వ రౌండులో గానీ ఈయన్ను ఎవరూ తీసుకోలేదు. 2001లో అదే కుర్రాడు రూకీ ఆఫ్ ది ఇయర్. అక్కడి నుంచి పదేళ్లు వరసగా .300 యావరేజ్, 30 హోమ్ రన్లు, 100 ఆర్‌బీఐలు, ఒక్క ఏడాది కూడా తగ్గలేదు. పదకొండో ఏడు .299, 99 దగ్గర ఆగింది. ఇంకొక్క హిట్టు, ఇంకొక్క ఆర్‌బీఐ పడి ఉంటే ఆ వరస పదకొండేళ్లు అయ్యేది.

అలాంటివాడు మూడో స్థానమా? గెరిగ్ పేరు ముందు రాయడం అలవాటైపోయి రాస్తున్నారా, నిజంగా లెక్క చూసే రాస్తున్నారా?

బ్రాంక్స్_బాబాయ్

లెక్క చూసే రాస్తున్నాం శ్రీనూ. నువ్వు మొత్తాలు చెప్పావు, నేను సగటు చెబుతాను. గెరిగ్ కెరీర్ యావరేజ్ .340, ఆన్‌బేస్ (బేస్ చేరిన సగటు) .447, స్లగ్గింగ్ (దెబ్బల బలం చెప్పే అంకె) .632. పూహోల్స్ సెయింట్ లూయిస్ కార్డినల్స్‌కు ఆడిన మొదటి 11 ఏళ్లు, అంటే ఆయన బంగారు కాలం మొత్తం తీసుకో: .328, .420, .617. మీవాడి మంచి రోజులన్నీ ఏరి పక్కన పెట్టినా మావాడి మొత్తం కెరీర్‌ను దాటలేదు. ఇంకేం కావాలి?

1927లో ఎంవీపీ. 1934లో ట్రిపుల్ క్రౌన్ (యావరేజ్, హోమ్ రన్లు, ఆర్‌బీఐలు మూడిట్లోనూ లీగ్‌లో మొదటివాడు): .363, 49 హోమ్ రన్లు, ఆర్‌బీఐలలోనూ ఆయనే ముందు. ఆ ఏడాది ఎంవీపీ ఓటింగులో ఆయనకు దక్కింది ఐదో స్థానం! ఆ అన్యాయం గురించి ఎవరూ మాట్లాడరు. 1926 నుంచి 1938 దాకా 13 ఏళ్లు వరసగా 100 రన్లు, 100 ఆర్‌బీఐలు. వరల్డ్ సిరీస్ వచ్చిందంటే .361.

వీటన్నిటి మధ్యలో 2,130 మ్యాచ్‌లు ఒక్కటి కూడా మానకుండా ఆడాడు.

కొత్తగా_చూస్తున్నా

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా అబ్బాయి లిటిల్ లీగ్‌లో చేరాక నేనూ చూడటం మొదలుపెట్టాను. .340 అంటే అంత గొప్పా? సగం కూడా కాదు కదా. ఇంకొకటి, మావాణ్ని కోచ్ ఫస్ట్ బేస్‌లో నిలబెట్టారు. అక్కడ ఊరికే నిలబడి బంతి పట్టుకోవడమేగా, అందులో ర్యాంకులేముంటాయి?

లెక్కల_మాస్టారు

మొదటిదానికి నేను చెబుతాను. బ్యాటర్ పదిసార్లు దిగితే మూడుసార్లు హిట్టు కొట్టడం మేజర్ లీగ్‌లో మంచి బ్యాటింగ్ కింద లెక్క. గంటకు 90 మైళ్లకు పైగా వచ్చే బంతిని గుండ్రటి కర్రతో కొట్టి, తొమ్మిదిమంది ఫీల్డర్ల మధ్య ఖాళీ వెతకాలి. అది 14 సీజన్లకు పైగా .340 చొప్పున చేసినవాడు గెరిగ్.

అయితే బాబాయ్ గారూ, సగటులు కూడా కాలాన్ని బట్టి మారతాయి. 1930లో నేషనల్ లీగ్ (మేజర్ లీగ్‌లోని రెండు లీగుల్లో ఒకటి) మొత్తం కలిపి కొట్టిన యావరేజే .303. ఆ రోజుల్లో బ్యాట్లు అలా మోగాయి. అందుకే ఓపీఎస్ ప్లస్ చూడాలి. ఆ ఏడాది, ఆ లీగ్, ఆ మైదానం లెక్కలోకి తీసుకుని, సగటు ఆటగాణ్ని 100 అనుకుంటే ఇతను ఎంత అని చెబుతుంది. గెరిగ్ 179 దగ్గర ఉంటాడు, ఫాక్స్ 163, పూహోల్స్ మొత్తం కెరీర్‌కు 145, సెయింట్ లూయిస్ 11 ఏళ్లకైతే 170. కాలం తేడా తీసేశాక కూడా గెరిగే పైన ఉన్నాడు. కానీ పూహోల్స్ మొదటి భాగానికీ గెరిగ్‌కూ మధ్య దూరం బాబాయ్ చెప్పినంత లేదు.

సెయింట్‌లూయిస్_శ్రీను

అదీ మాట. ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. గెరిగ్ సగటులో దిగజారిన సంవత్సరాలే లేవు. ఎందుకు లేవో అందరికీ తెలుసు, ఆ మనిషి మీద నాకు చాలా గౌరవం. కానీ 36 ఏళ్లు నిండకముందే ఆట ఆగిపోయినవాడి సగటునీ, 42 ఏళ్ల దాకా ఆడినవాడి సగటునీ పక్కపక్కన పెడితే ఎలా? పూహోల్స్ 2011లోనే రిటైరై ఉంటే ఇదే లంచ్ టేబుల్ దగ్గర ఆయన్ను మొదటి స్థానంలో పెట్టేవాళ్లు. ఆ తర్వాత కొట్టిన 258 హోమ్ రన్లు ఆయన విలువ తగ్గించాయంటే నాకు అర్థం కావట్లేదు.

బ్రాంక్స్_బాబాయ్

తగ్గించలేదు, పెంచనూలేదు. తర్వాత ఆయన వెళ్లిన ఏంజెల్స్ జట్టు పదేళ్లకు 240 మిలియన్ డాలర్లు ఇచ్చింది. అక్కడ యావరేజ్ .256 దగ్గర. కాళ్లు నొప్పులు, డబుల్ ప్లేలు (ఒకే బంతికి ఇద్దరు అవుట్).

గెరిగ్ చివర ఎలా అయిందో కూడా చెప్పుకోవాలి. 1938లో .295, 29 హోమ్ రన్లు. మామూలు ఆటగాడికి అది పండగ. ఆయనకు మాత్రం ఏదో తేడాగా ఉందని అప్పటికే తెలుస్తోంది. 1939 మే 2న డెట్రాయిట్‌లో మేనేజర్ దగ్గరికి వెళ్లి తనంతట తానే బెంచి మీద కూర్చుంటానన్నాడు. ఎవరూ తీసెయ్యలేదు. అంతకు ముందు 1925 జూన్ 1 నుంచి ఒక్క రోజు కూడా లైనప్‌లో ఆయన లేని మ్యాచ్ లేదు. ఏఎల్‌ఎస్ (కండరాలను చచ్చుబెట్టే నరాల జబ్బు) అని తేలింది. జూలై 4న యాంకీ స్టేడియంలో వీడ్కోలు, రెండేళ్లు తిరక్కుండా 1941 జూన్ 2న చనిపోయాడు. ఆ 4వ నంబరు జెర్సీ మేజర్ లీగ్‌లో మొట్టమొదట రిటైర్ చేసిన నంబరు.

ఏఎల్‌ఎస్ కండరాల్లో ఎప్పుడు మొదలైందో ఎవరు చెప్పగలరు? ఆ .295లో కొంత ఆ జబ్బుదే అని నా నమ్మకం.

ఎడమచేతి_వాటం

@కొత్తగా_చూస్తున్నా, మీ రెండో ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు. నేను మాట్లాడాలనుకున్నదీ అదే.

ఫస్ట్ బేస్‌లో ఊరికే నిలబడటం ఏమీ ఉండదండి. షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య ఫీల్డర్) పరిగెత్తుతూ విసిరిన బంతి నేల మీద గెంతి వస్తుంది. ఒక కాలు బేస్ మీద ఉంచి, ఒళ్లంతా సాగదీసి ఆ గెంతును గ్లోవ్‌తో ఎత్తి పట్టాలి. అది తప్పితే ఎర్రర్ షార్ట్‌స్టాప్ పేరున రాస్తారు, పట్టుకుంటే ఫస్ట్ బేస్‌మన్ పేరు ఎవరూ రాయరు. బంట్ (బ్యాట్‌తో మెల్లగా నేల మీదికి తట్టిన బంతి) పడితే ముందుకు దూకాలి. రన్నర్ ఉంటే బేస్ దగ్గరే ఉండి పట్టి ఉంచాలి, బంతి వేయగానే పక్కకు జరిగి ఖాళీ మూయాలి. ఎడమచేతి వాటం వాళ్లకు ఇక్కడ వీలు ఎక్కువ. బంతి పట్టగానే ఒళ్లు తిప్పకుండా సెకండ్ బేస్‌కు విసిరేయవచ్చు. మీ అబ్బాయి ఎడమచేతి వాటమైతే కోచ్ సరైన పనే చేశారు.

అందుకని నా లిస్టులో మొదటి పదిమందిలో కీత్ హెర్నాండెజ్ ఉంటాడు. 1978 నుంచి 1988 దాకా 11 గోల్డ్ గ్లోవ్‌లు (ఫీల్డింగ్ అవార్డులు) వరసగా. బంట్ వేస్తారనుకుంటే దాదాపు థర్డ్ బేస్ వైపు దాకా వెళ్లి తీసుకునేవాడు. 162 హోమ్ రన్లే అని తీసిపారేయకండి.

ఫిల్లీ_ప్రసాద్

హెర్నాండెజ్ పదిలో వద్దు అన్నా. ఫస్ట్ బేస్ అంటే ముందు బ్యాట్. అందుకే వార్ (సులువుగా దొరికే ఆటగాడి కన్నా జట్టుకు ఎన్ని గెలుపులు ఎక్కువ తెచ్చాడో చెప్పే అంకె) లెక్కల్లో కూడా ఫస్ట్ బేస్‌మన్‌కు ఏటా కొన్ని రన్లు కోత పెడతారు. షార్ట్‌స్టాప్ ఎవరంటే వాళ్లు ఆడలేరు, ఫస్ట్ బేస్‌కు మాత్రం ఎప్పుడూ క్యూ ఉంటుంది అని.

ఫాక్స్ గురించి ఒక్కరూ నోరు విప్పరేంటి? 1932లో 58 హోమ్ రన్లు. మరుసటేడు ట్రిపుల్ క్రౌన్, .356, 48, 163. అదే 1933లో ఫాక్స్ ఆడిన మా ఫిలడెల్ఫియాలోనే ఫిల్లీస్ తరఫున చక్ క్లైన్ నేషనల్ లీగ్ ట్రిపుల్ క్రౌన్ కొట్టాడు. ఒకే ఊరు, ఒకే ఏడాది, రెండు ట్రిపుల్ క్రౌన్లు. ఇంకెక్కడా జరగలేదు. ఫాక్స్ 1929 నుంచి 1940 దాకా 12 ఏళ్లు వరసగా 30కి పైగా హోమ్ రన్లు కొట్టాడు. మూడు ఎంవీపీలు, మొత్తం 534. రూత్ తర్వాత 500 కొట్టిన రెండోవాడు. క్యాచర్‌గా ఆడాడు, థర్డ్ బేస్ ఆడాడు, చివర్లో 1945లో బౌలింగు, అదే, పిచింగ్ కూడా చేశాడు.

నల్గొండ_నరేష్

ప్రసాదన్న నోట్లోంచి బౌలింగు ఇంకా పోలేదు 😄

ఫిల్లీ_ప్రసాద్

ఎలా పోతుంది తమ్ముడూ, చిన్నప్పటి ఆట. 1934 ఆల్‌స్టార్ మ్యాచ్ సంగతి కూడా వినండి. కార్ల్ హబ్బెల్ వరసగా రూత్, గెరిగ్, ఫాక్స్, సిమన్స్, క్రోనిన్‌లను స్ట్రైకౌట్ చేశాడు (బంతి ఆడనివ్వకుండానే అవుట్). ఆ మ్యాచ్‌లో ఫస్ట్ బేస్ గెరిగ్‌ది, అందుకని ఫాక్స్‌ను థర్డ్ బేస్‌లో ఆడించారు. మేనేజర్లకు అప్పుడే తెలుసు ఎవరు ఒకటో, ఎవరు రెండో. కాబట్టి నేను గెరిగ్‌తో గొడవపడను. రెండో కుర్చీ మాత్రం ఫాక్స్‌దే.

హ్యూస్టన్_రాజు

మీరంతా 1930లు, కార్డినల్స్ అంటూ తిరుగుతున్నారు. జెఫ్ బ్యాగ్వెల్ పేరు ఎక్కడ?

1990లో బోస్టన్ వాళ్లు లారీ ఆండర్సన్ అనే రిలీఫ్ పిచర్ కోసం బ్యాగ్వెల్‌ను హ్యూస్టన్‌కు ఇచ్చేశారు. ఆ పిచర్ వాళ్లకు కొన్ని వారాలే పనికొచ్చాడు. బ్యాగ్వెల్ మాకు 15 సీజన్లు ఆడాడు. 449 హోమ్ రన్లు, .408 ఆన్‌బేస్, 202 దొంగిలించిన బేస్‌లు. ఫస్ట్ బేస్‌మన్ అయ్యుండి 30 హోమ్ రన్లు, 30 స్టీల్స్ రెండు సీజన్లలో చేశాడు (1997, 1999). ఇంకెవరైనా ఉన్నారా చెప్పండి. అందులో చాలా భాగం ఆస్ట్రోడోమ్‌లో, బంతి గాల్లోనే చచ్చిపోయే మైదానంలో.

1994 చూడండి. 110 మ్యాచ్‌లలో .368, 39 హోమ్ రన్లు, 116 ఆర్‌బీఐలు. ఆగస్టు 10న బంతి తగిలి చెయ్యి విరిగింది, రెండు రోజులకు స్ట్రైక్ వచ్చి సీజనే ఆగిపోయింది. ఎంవీపీ ఏకగ్రీవం. ఆ చెయ్యి బాగుండి, ఆ సీజన్ పూర్తిగా జరిగి ఉంటే అని నేను ఇప్పటికీ అనుకుంటాను.

డెట్రాయిట్_పద్మ

రాజు గారూ, ఒక చిత్రం చెప్పనా. బ్యాగ్వెల్, ఫ్రాంక్ థామస్ ఇద్దరూ ఒకే రోజు పుట్టారు, 1968 మే 27. ఇద్దరూ ఫస్ట్ బేస్. 1994లో నేషనల్ లీగ్ ఎంవీపీ ఒకరు, అమెరికన్ లీగ్ ఎంవీపీ ఒకరు.

హ్యూస్టన్_రాజు

మా ఇంట్లో ఆ తేదీ అందరికీ కంఠస్థం పద్మ గారూ. అయితే థామస్ ఎక్కువ మ్యాచ్‌లు డీహెచ్‌గానే ఆడాడు. ఫీల్డింగ్ చేయనివాణ్ని ఫస్ట్ బేస్ లిస్టులో ఎలా పెడతాం?

సెయింట్‌లూయిస్_శ్రీను

రాజూ, నీకు 2005 గుర్తుందా?

హ్యూస్టన్_రాజు

ఆ మాట ఎత్తుతావని తెలుసు. అక్టోబర్ 17, నేషనల్ లీగ్ ఛాంపియన్‌షిప్ సిరీస్ ఐదో మ్యాచ్. తొమ్మిదో ఇన్నింగ్స్, ఇద్దరు అవుట్, మేం 4–2తో ముందున్నాం. ఇంకొక్క అవుట్ వస్తే హ్యూస్టన్ చరిత్రలో మొదటి వరల్డ్ సిరీస్. ఎక్‌స్టైన్ సింగిల్, ఎడ్మండ్స్ వాక్ (నాలుగు చెడ్డ బంతులకు ఉచితంగా బేస్). అప్పుడు బ్రాడ్ లిడ్జ్ వేసిన స్లైడర్‌ను పూహోల్స్ ఎక్కడికి పంపాడో ఇప్పటికీ కళ్లముందే ఉంది. లెఫ్ట్ ఫీల్డ్ పైన రైలు పట్టాల దాకా పోయింది. మా స్టేడియం అంతా ఒక్కసారిగా మూగబోయింది. నా పక్క సీట్లో పెద్దాయన తల పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.

తర్వాతి మ్యాచ్ మేమే గెలిచి సిరీస్‌కు వెళ్లాం, అది కూడా రాసుకో. కానీ శ్రీనూ, ఆ ఒక్క దెబ్బ చూసినవాణ్ని కాబట్టి నేనూ ఒప్పుకుంటాను: నేను కళ్లారా చూసిన బ్యాటర్లలో పూహోల్స్‌ను మించినవాడు లేడు. బ్యాగ్వెల్‌ను ఆయన పైన పెట్టమని అడగను. నాలుగోవాడిగా పెట్టమంటున్నాను.

డెట్రాయిట్_పద్మ

నాలుగో స్థానం అంత తేలిగ్గా ఇవ్వను. హ్యాంక్ గ్రీన్‌బర్గ్ గురించి చెబుతాను, ఓపిగ్గా చదవండి.

1938లో 58 హోమ్ రన్లు. 1935లో, 1940లో ఎంవీపీ. 1941 మే నెలలో సైన్యంలోకి తీసుకున్నారు. అదే ఏడాది డిసెంబర్ 5న విడుదల చేశారు. రెండు రోజులకు పెర్ల్ హార్బర్. ఇంటికి వెళ్లి బ్యాట్ పట్టుకునే హక్కు చేతిలో ఉన్న మనిషి తనంతట తానే మళ్లీ చేరాడు. అలా 30 నుంచి 34 ఏళ్ల వయసు మధ్య నాలుగు సీజన్లకు పైగా పోయాయి. ఆ కాలంలో కొంత చైనా-బర్మా-ఇండియా రంగంలో, బి-29 బాంబర్ల దళంతో పనిచేశాడు. ఆ విమానాల స్థావరాలు మన ఖరగ్‌పూర్ చుట్టుపక్కలే ఉండేవి. మేజర్ లీగ్ హాల్ ఆఫ్ ఫేమర్‌కు మన దేశంతో అలా సంబంధం ఉందని చాలామందికి తెలియదు.

1945 జూలై 1న తిరిగొచ్చిన మొదటి మ్యాచ్‌లోనే హోమ్ రన్ కొట్టాడు. సీజన్ చివరి రోజు గ్రాండ్ స్లామ్‌తో (బేస్‌లన్నీ నిండి ఉండగా హోమ్ రన్) డెట్రాయిట్‌కు పెన్నెంట్, అంటే లీగ్ టైటిల్, తెచ్చాడు. 1946లో 44 హోమ్ రన్లు, 127 ఆర్‌బీఐలు, రెండిట్లోనూ లీగ్‌లో మొదటివాడు.

331 హోమ్ రన్లే కదా అంటారు. ఆడింది 1,394 మ్యాచ్‌లు. ఆ నాలుగేళ్లు ఆయన దగ్గర్నుంచి ఎవరు తీసుకున్నారో, ఎందుకు ఇచ్చాడో చూడకుండా మొత్తాలు లెక్కపెట్టడం నాకు నచ్చదు. ఆటలో యూదుడని మైదానంలో తిట్లు తిన్నాడు. 1934లో యూదుల పవిత్ర దినం యోమ్ కిప్పుర్ రోజు పెన్నెంట్ పోటీ నడుస్తుండగా ఆడకుండా ప్రార్థనకు వెళ్లాడు. 1947లో పిట్స్‌బర్గ్ తరఫున ఆడుతూ, అప్పుడే లీగ్‌లోకి వచ్చిన నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్‌కు ఫస్ట్ బేస్ దగ్గర ధైర్యం చెప్పాడు.

కొత్తగా_చూస్తున్నా

జాకీ రాబిన్సన్ సెకండ్ బేస్ కదండీ?

డెట్రాయిట్_పద్మ

తర్వాత సెకండ్ బేస్. 1947 మొదటి సీజన్ మొత్తం ఫస్ట్ బేస్‌లోనే ఆడాడు.

నల్గొండ_నరేష్

పద్మక్క మంచి తలుపు తెరిచింది. రాబిన్సన్ 1947లో వచ్చాడు. గెరిగ్, ఫాక్స్ ఆడిన లీగ్‌లో ఒక్క నల్లజాతి ఆటగాడు కూడా లేడు. అంటే వాళ్లు సాచెల్ పేజ్ లాంటి పిచర్‌ను లీగ్ మ్యాచ్‌లో ఒక్కసారీ ఎదుర్కోలేదు. ఓపీఎస్ ప్లస్ లీగ్ సగటుతో పోలుస్తుంది సరే మాస్టారూ, ఆ లీగ్‌లోకి రానివ్వనివాళ్లను ఏ సగటు లెక్కపెడుతుంది?

బక్ లెనర్డ్ పేరు ఇక్కడ ఎవరూ ఎత్తలేదు. నల్లజాతివాళ్లకు విడిగా నడిచిన నీగ్రో లీగుల్లో హోమ్‌స్టెడ్ గ్రేస్ జట్టు ఫస్ట్ బేస్‌మన్, జాష్ గిబ్సన్ వెనకాల బ్యాటింగ్. ఆయన్ను నల్ల లూ గెరిగ్ అనేవాళ్లు. నాకు ఆ పిలుపు అంటేనే మంట. ఇంకొకరి పేరు అరువిస్తే గానీ గుర్తించరా? 1972లో గిబ్సన్‌తో కలిపి హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. నీగ్రో లీగులు కూడా మేజర్ లీగులేనని 2020 డిసెంబర్‌లో ఒప్పుకుని, 2024లో ఆ గణాంకాలు అధికారిక రికార్డుల్లో కలిపారు. లెనర్డ్ అప్పటికే పోయాడు.

ఇంకో పక్క క్యాప్ ఆన్సన్ ఉన్నాడు. 19వ శతాబ్దం, చికాగో, 3,000 హిట్లు కొట్టిన మొదటివాడంటారు. వార్ లెక్కలో ఫస్ట్ బేస్‌మెన్‌లో పై వరసలో ఉంటాడు. 1883లో టొలీడోలో నల్లజాతి ఆటగాడు ఫ్లీట్ వాకర్ ఉంటే తమ జట్టు ఆడదని బెదిరించాడు, 1887లో ఇంకో నల్లజాతి ఆటగాడు జార్జ్ స్టోవీని దించనివ్వలేదు. తలుపులు మూసినవాళ్లలో ముందు నిలబడినవాడు. మా లిస్టులో ఆయనకు చోటు లేదు.

లెక్కల_మాస్టారు

నరేష్ అడిగింది న్యాయమైన ప్రశ్న. ఏ అంకె దానికి జవాబు చెప్పదు. 1930ల్లో రెండు లీగులు కలిపి 16 జట్లు, అన్నీ తెల్లవాళ్లు. పూహోల్స్ కాలానికి 30 జట్లు, డొమినికన్, వెనిజులా, జపాన్, క్యూబా, కొరియా నుంచి వచ్చినవాళ్లు, ఏడో ఇన్నింగ్స్ నుంచి కొత్త కొత్త రిలీవర్లు. సగటును మించి 70 శాతం ఎక్కువ ఆడటం ఈ లీగ్‌లో కష్టమా, ఆ లీగ్‌లో కష్టమా అంటే నా ఓటు ఈ లీగ్‌కే.

వార్ మొత్తాలు ఇవి, దాదాపుగా: గెరిగ్ 113, పూహోల్స్ 101, ఫాక్స్ 90 పైన, బ్యాగ్వెల్ 80. పూహోల్స్ 101లో 85కు పైగా మొదటి 11 ఏళ్లలోనే వచ్చాయి. అంటే ఏంజెల్స్ కాలాన్ని మొత్తం చింపేసినా ఆయన బ్యాగ్వెల్ కన్నా పైనే ఉంటాడు.

బ్రాంక్స్_బాబాయ్

నరేష్ చెప్పినదాంట్లో ఒక్క అక్షరం కాదనను. ఆ తలుపు మూసింది గెరిగ్ కాదు, అయినా ఆ తలుపు వెనక ఆడాడన్నది నిజం. నా ఒకటో స్థానం మాత్రం మారదు.

టోక్యో_తెలుగు

చరిత్రలో గొప్ప ఫస్ట్ బేస్‌మెన్ అని టైటిల్ పెట్టి అమెరికా దాటలేదు మీరు. సదహరు ఓహ్. యోమియురి జెయింట్స్, 1959 నుంచి 1980. 868 హోమ్ రన్లు. 15 సార్లు లీగ్ హోమ్ రన్ కింగ్, తొమ్మిది ఎంవీపీలు, 1973, 1974లో వరసగా రెండు ట్రిపుల్ క్రౌన్లు. పిచర్‌గా చేరితే ఫస్ట్ బేస్‌కు మార్చారు. మొదట్లో పెద్దగా కొట్టలేకపోయాడు. కోచ్ అరకావా దగ్గర చేరాక, పిచర్ బంతి వదిలేలోపు కుడికాలు పూర్తిగా పైకెత్తి ఒంటికాలి మీద ఆగడం నేర్చుకున్నాడు. అక్కడి నుంచి ఆగలేదు. 1977 సెప్టెంబర్ 3న 756వది కొట్టి ఆరన్ అంకెను దాటాడు.

ఇక్కడ పాత జెయింట్స్ అభిమానులతో కూర్చుంటే ఆ కాలు ఎత్తడం గురించి గంటలు గంటలు చెబుతారు.

ఫిల్లీ_ప్రసాద్

మైదానాలు చిన్నవి, పిచింగ్ వేరు. 868ని 703 పక్కన పెట్టలేం కదా?

టోక్యో_తెలుగు

పెట్టమనలేదు. సీజన్‌కు మ్యాచ్‌లు కూడా తక్కువ, అదీ లెక్కేసుకోండి. పైగా కొట్టనివ్వకుండా వాక్ ఇచ్చేవాళ్లు, 2,390 వాక్‌లు. ప్రపంచ చరిత్ర అంటే మొదటి ఐదుగురిలో ఓహ్ లేకుండా నేను లిస్టు వేయను. మేజర్ లీగ్ చరిత్ర అంటే టైటిల్ మార్చండి.

సెయింట్‌లూయిస్_శ్రీను

సరే, మేజర్ లీగ్ వరకే అనుకుందాం. ఓహ్‌కు వేరే థ్రెడ్ వేయండి, నేను ముందు వచ్చి చదువుతాను.

అమలాపురం_టు_అట్లాంటా

ఇప్పుడు ఆడుతున్నవాళ్ల సంగతి? ఫ్రెడ్డీ ఫ్రీమన్. 2020 ఎంవీపీ, 2021లో మాకు కప్పు, 2022 మార్చిలో డాడ్జర్స్‌కు వెళ్లిపోయాడు. ఆ రోజు మా పాప 5వ నంబరు జెర్సీ విప్పనని ఏడ్చింది. 2024 వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్, చీలమండ వాచి సరిగా పరిగెత్తలేని స్థితి, పదో ఇన్నింగ్స్, బేస్‌లు నిండి ఉన్నాయి, నెస్టర్ కోర్టెస్ మొదటి బంతి. వరల్డ్ సిరీస్ చరిత్రలో మొట్టమొదటి వాకాఫ్ (ఆ దెబ్బతోనే మ్యాచ్ ముగిసే) గ్రాండ్ స్లామ్. 2025లో మళ్లీ మూడో మ్యాచ్‌ను 18వ ఇన్నింగ్స్‌లో హోమ్ రన్‌తో ముగించాడు. మా జట్టు కాదని తెలిసినా ఇంట్లో అందరం అరిచాం.

ఎడమచేతి_వాటం

2024లో ఆ గ్రాండ్ స్లామ్ పడింది అక్టోబర్ 25. 1986 వరల్డ్ సిరీస్‌లో బోస్టన్ ఫస్ట్ బేస్‌మన్ బిల్ బక్నర్ కాళ్ల మధ్య నుంచి బంతి పోయిన మ్యాచ్ మొదలైందీ అక్టోబర్ 25నే. ఫస్ట్ బేస్‌కు ఆ తేదీతో ఏదో లెక్క ఉంది.

బక్నర్ గురించి ఒక మాట. అతను చేతకాని ఫీల్డర్ అనుకునేవాళ్లకు చెబుతున్నా. 1985లో 184 అసిస్టులతో (అవుట్‌కు సాయపడ్డ విసుర్లు) ఫస్ట్ బేస్‌మెన్‌లో సీజన్ రికార్డు పెట్టింది ఆయనే. అది 24 ఏళ్లు నిలిచింది. 2,715 హిట్లు. నడవలేని మడమలతో ఆడుతున్నవాణ్ని ఒక్క బంతికి కుదించేశారు.

సెయింట్‌లూయిస్_శ్రీను

ఆ 184ను 2009లో 185తో దాటిందెవరో కూడా చెప్పు అన్నా. పూహోల్స్! బ్యాట్ మాత్రమే అనుకునేవాళ్లు వినాలి. రెండు గోల్డ్ గ్లోవ్‌లు కూడా ఉన్నాయి.

కొత్తగా_చూస్తున్నా

మిగెల్ కబ్రెరా? మార్క్ మెగ్వైర్? ఈ పేర్లు మావాడు ఎప్పుడూ అంటుంటాడు.

లెక్కల_మాస్టారు

కబ్రెరా 2012లో ట్రిపుల్ క్రౌన్ కొట్టాడు, 1967 తర్వాత అదే మొదటిది. 511 హోమ్ రన్లు, 3,174 హిట్లు. కానీ ఆ 2012, 2013 ఎంవీపీలు రెండూ థర్డ్ బేస్‌లో ఆడినప్పుడు వచ్చినవి. పూహోల్స్ మూడు ఎంవీపీలూ ఫస్ట్ బేస్‌లోనివే. మొదటి పదిలో కబ్రెరా ఉంటాడు, మొదటి ఐదులో కష్టం.

హ్యూస్టన్_రాజు

మెగ్వైర్‌ను నేను పెట్టను. 1998లో 70 కొట్టినప్పుడు ప్రపంచమంతా ఊగిపోయింది, నిజమే. 2010 జనవరిలో స్టెరాయిడ్లు వాడానని ఆయనే చెప్పాడు. అవి వాడకుండా ఆడినవాళ్ల పక్కన ఆ అంకెను పెట్టలేను.

అమలాపురం_టు_అట్లాంటా

ఆ రోజుల్లో పరీక్షలే లేవు రాజన్నా. ఎవరు వాడారో, ఎవరు వాడలేదో ఎలా తేలుస్తావు? మొత్తం తరాన్నే తీసేయాలి అప్పుడు.

హ్యూస్టన్_రాజు

తేలినవాణ్ని తీసేస్తాను. తేలనివాళ్ల మీద అనుమానంతో రాళ్లు వేయను. ఆధారం లేని గుసగుసలతోనే బ్యాగ్వెల్‌ను హాల్ ఆఫ్ ఫేమ్ బయట 2017 దాకా నిలబెట్టారు. ఆ బాధ మాకు తెలుసు.

ఫిల్లీ_ప్రసాద్

సరే, ఎవరి ఐదుగురు వాళ్లు రాయండి. నాది గెరిగ్, ఫాక్స్, పూహోల్స్, గ్రీన్‌బర్గ్, బ్యాగ్వెల్.

బ్రాంక్స్_బాబాయ్

గెరిగ్. చాలా దూరం తర్వాత పూహోల్స్. తర్వాత ఫాక్స్, బ్యాగ్వెల్, మెకోవీ.

ఫిల్లీ_ప్రసాద్

బాబాయ్ కూడా పూహోల్స్‌ను ఫాక్స్ ముందు పెట్టారా! ఈ ఊళ్లో నేనొక్కణ్నే మిగిలాను.

నల్గొండ_నరేష్

గెరిగ్, పూహోల్స్, లెనర్డ్, ఫాక్స్, గ్రీన్‌బర్గ్. లెనర్డ్‌ను ఏ అంకె మీద మూడో స్థానంలో పెట్టావని అడిగితే, ఆయనతో ఆడినవాళ్లూ ఆయనకు బంతి వేసినవాళ్లూ చెప్పిన మాట మీద పెట్టాను. ఆడిన మ్యాచ్‌లు సగం పుస్తకాలకెక్కలేదు, అది ఆయన లోపం కాదు.

సెయింట్‌లూయిస్_శ్రీను

నాది పూహోల్స్, గెరిగ్, ఫాక్స్, బ్యాగ్వెల్, లెనర్డ్. బాబాయ్ అంకెలు, మాస్టారి అంకెలు అన్నీ చదివే చెబుతున్నా. ప్రపంచం మొత్తానికీ తలుపులు తెరిచిన లీగ్‌లో పదకొండేళ్లు సగటును మించి 70 శాతం ఆడటం, ఎవరికీ తలుపు తెరవని లీగ్‌లో 79 శాతం ఆడటం కన్నా పెద్దది. చివరి పదేళ్లకు నేను మార్కులు వేయట్లేదు, తీసేయట్లేదు. 2022లో మళ్లీ మా ఎరుపు జెర్సీలో వచ్చి, 42 ఏళ్ల వయసులో 24 హోమ్ రన్లు కొట్టి, సెప్టెంబర్ 23న ఒకే రాత్రి 699, 700 రెండూ కొట్టాడు. అది బోనస్.

బ్రాంక్స్_బాబాయ్

వాదన బలంగా ఉంది, ఒప్పుకోను.

డెట్రాయిట్_పద్మ

నా ఐదుగురు: గెరిగ్, పూహోల్స్, ఫాక్స్, గ్రీన్‌బర్గ్, జానీ మైజ్. మైజ్ పేరు ఇంతసేపు ఒక్కరూ అనలేదు. యుద్ధంలో ఈయనకూ మూడు సీజన్లు పోయాయి, 1943 నుంచి 1945 దాకా. తిరిగొచ్చి 1947లో 51 హోమ్ రన్లు కొట్టాడు. ఆ ఏడాది మొత్తం స్ట్రైకౌట్లు 42. హోమ్ రన్లకన్నా స్ట్రైకౌట్లు తక్కువ! ఇప్పటి బ్యాటర్లలో 50 కొట్టి ఆ పని చేసేవాళ్లను ఒక్కరిని చూపించండి. శ్రీను గారూ, ఆయన కెరీర్ మొదలైంది మీ కార్డినల్స్‌లోనే.

సెయింట్‌లూయిస్_శ్రీను

మైజ్‌ను 1941 సీజన్ అయ్యాక మావాళ్లే జెయింట్స్‌కు ఇచ్చేశారు పద్మ గారూ. దాని గురించి మా ఊళ్లో ముసలివాళ్లు ఇంకా తిట్టుకుంటారు. ఐదో స్థానానికి లెనర్డా, మైజా అన్నది రేపు సాయంత్రం రాస్తాను, ఈలోపు మైజ్ గురించి ఎవరి దగ్గర ఏముంటే అది వేయండి.